స్కూల్ రగ్బీ పోటీల రూల్స్ ఎవరు రాయాలి? ఆక్లాండ్ 1ఏ గొడవ, ఆ తర్వాత

మాధవి_రోస్కిల్ (ఆక్లాండ్, న్యూజీలాండ్)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి చదివే స్కూల్ బోర్డుకి ఈసారి పేరెంట్స్ తరఫున ఎన్నికయ్యాను. వచ్చే మీటింగ్‌లో రగ్బీ మీద ఒక ప్రతిపాదన వస్తోంది. పై డివిజన్‌కి ఎక్కాలంటే బయటి స్కూళ్ల నుంచి నలుగురైదుగురు ఆటగాళ్లను స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకోవాలట. డబ్బు పూర్వ విద్యార్థుల ట్రస్టు సర్దుతుందట. అదే స్కూల్లో మూడో జట్టుకి కోచ్ లేడు. ఒక పిల్లాడి తండ్రి ఆఫీసు నుంచి బూట్లు కారులో వేసుకుని వచ్చి ప్రాక్టీస్ చేయిస్తున్నాడు.

ఇక్కడ ఉన్నవాళ్లకి 2018 గొడవ గుర్తుండే ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆక్లాండ్‌లో స్కూల్ రగ్బీకి పై మెట్టు 1ఏ పోటీ. ఆ ఏడాది డిసెంబరులో పది స్కూళ్లు కలిసి, 2019 సీజన్‌లో సెయింట్ కెంటిగర్న్ కాలేజీతో ఫస్ట్ ఫిఫ్టీన్ (స్కూల్ మొదటి జట్టు) మ్యాచ్‌లు ఆడబోమని తేల్చి చెప్పాయి. వేరే స్కూళ్ల పెద్ద జట్లలో ఇప్పటికే ఆడిన కుర్రాళ్లను ఆ స్కూల్ పట్టుకొస్తోందన్నది వాళ్ల ఫిర్యాదు. తాము ఏ రూలూ దాటలేదని ఆ స్కూల్ చెప్పింది. దేశమంతా వార్తల్లో నలిగింది. చివరికి కొత్త సీజన్ మొదలయ్యేలోపు చర్చలు జరిగి, కొత్తగా చేరే ఆటగాళ్ల విషయంలో రూల్స్ బిగించుకుని, అందరూ మళ్లీ కలిసి ఆడారు.

నా సందేహం ఒకటే. పోటీలో గెలవాల్సిన స్కూళ్ల ప్రిన్సిపాళ్లే రూల్స్ రాసుకుని, వాళ్లే ఫిర్యాదు చేసి, వాళ్లే బహిష్కరించి, వాళ్లే రాజీ కుదుర్చుకోవడం సరైన పద్ధతేనా? మరెవరి చేతిలో ఉండాలి? తెలిసినవాళ్లు చెప్పండి, బోర్డులో గట్టిగా మాట్లాడాలనుకుంటున్నాను.

శ్రీను_సౌత్ఆక్లాండ్

మాధవి గారూ, మీ ఆవేదన అర్థమైంది కానీ రెండో వైపు కూడా వినండి. మా పక్కింట్లో సమోవా కుటుంబం. తండ్రి రాత్రి షిఫ్టులో గోడౌన్ పని, తల్లి హాస్పిటల్లో క్లీనింగ్. పెద్దబ్బాయికి ఒక ప్రైవేటు స్కూల్ రగ్బీ స్కాలర్‌షిప్ ఇచ్చింది. హాస్టల్, ట్యూషన్, మూడు పూటలా తిండి. వాడు ప్రొఫెషనల్ ఆటగాడు కాలేదు. కానీ ఆ స్కూల్లో చదవబట్టి ఇవాళ ఇంజనీరింగ్ చేస్తున్నాడు. "ఆటగాళ్లను కొంటున్నారు" అని పేపర్లో రాసినప్పుడు ఆ తల్లికి ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించండి. డబ్బున్నవాళ్లు ఫీజు కట్టి ఏ స్కూల్‌కైనా మారొచ్చు, అప్పుడెవరూ అడగరు. పేదవాడు ఆటతో మారితే విచారణ!

రూల్స్ కావాలి, కాదనను. కానీ శిక్ష పిల్లాడి మీద పడకూడదు. స్కూల్ తప్పుగా తెచ్చుకుంటే స్కూల్ పాయింట్లు కోయండి. పదహారేళ్లవాణ్ణి బెంచ్ మీద కూర్చోబెడితే ఎవరికి బుద్ధి వస్తుంది?

రిఫరీ_హామిల్టన్

శ్రీను గారి చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఒక విషయం మాత్రం స్పష్టం చేయాలి. అసలు రూల్స్ లేవని కాదు. దేశవ్యాప్తంగా స్కూల్ ఆటలకు అర్హత నియమాలు ఉన్నాయి. జనవరి 1 నాటికి 19 ఏళ్లలోపు ఉండాలి, నిజంగా ఆ స్కూల్లో చదువుతూ ఉండాలి, కొత్తగా చేరినవాళ్లు జట్టులో ఇంతమందికి మించకూడదు. రూల్ రాయడం ఒకటి, దాన్ని అమలు చేసే చెయ్యి ఎవరిదన్నది ఇంకొకటి. చిక్కంతా రెండో దగ్గరే ఉంది.

ఇక్కడ స్కూల్ రగ్బీకి నలుగురు యజమానులు. స్కూల్, ఆ ప్రాంత స్కూల్ క్రీడా సంస్థ (ఆక్లాండ్‌లో అయితే కాలేజ్ స్పోర్ట్), ప్రాంతీయ రగ్బీ యూనియన్, పైన న్యూజీలాండ్ రగ్బీ. శనివారం ఉదయం ఏదైనా తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలో టీమ్ మేనేజర్‌కి తెలియదు. రిఫరీని పంపేది యూనియన్, గ్రౌండ్ ఇచ్చేది స్కూల్, డ్రా (ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలన్న పట్టిక) వేసేది క్రీడా సంస్థ. అందరిదీ అంటే ఎవరిదీ కాదు.

అర్హత మీద తీర్పు చెప్పేవాళ్లు ముగ్గురైనా సరే, ఆ పోటీలో ఆడే ఏ స్కూల్‌తోనూ సంబంధం లేనివాళ్లు ఉండాలి. ఒక రిటైర్డ్ ప్రిన్సిపాల్, ఒక లాయరు, పిల్లల సంక్షేమం తెలిసిన ఒక మనిషి. సీజన్ మొదలవకముందే పేర్ల జాబితా వాళ్ల ముందుకు వెళ్లాలి, అక్కడే తేలిపోవాలి. ఆగస్టులో సెమీఫైనల్ అయ్యాక "ఆ కుర్రాడు అర్హుడు కాదు" అని తేల్చడం కన్నా ఘోరం లేదు.

కిరణ్_జోబర్గ్

దక్షిణాఫ్రికా నుంచి. ఇక్కడ ఈ జబ్బు ఇంకా ముదిరింది. పెద్ద స్కూళ్లు పదమూడేళ్ల పిల్లల కోసం ప్రైమరీ స్కూళ్ల మ్యాచ్‌లకు మనుషుల్ని పంపుతాయి.

కానీ మావాళ్లు చేసిన ఒక మంచి పని మీకు పనికొస్తుంది. క్రేవెన్ వీక్ అని ఒక టోర్నీ ఉంది. 1964లో ఈస్ట్ లండన్ అనే ఊళ్లో మొదలైంది, అప్పటి రగ్బీ బోర్డు అధ్యక్షుడు డేనీ క్రేవెన్ పేరు పెట్టారు. ప్రాంతాల వారీగా స్కూల్ పిల్లల జట్లు వారం పాటు ఆడతాయి. అందులో అధికారికంగా ఫైనల్ లేదు, విజేత లేడు! మొదట్నుంచీ అది పండగలా జరగాలన్నదే ఉద్దేశం. 1980 దాకా తెల్ల పిల్లలకే పరిమితం అన్న మచ్చ కూడా దానికుంది, అది దాచకూడదు.

మరి విజేత లేకపోతే ఒత్తిడి పోయిందా? పోలేదు. చివరి రోజు పెద్ద గ్రౌండ్‌లో ఆడే చివరి మ్యాచ్‌నే జనం ఫైనల్ అంటారు. స్కౌట్లు, ఏజెంట్లు అందరూ అక్కడే. డోపింగ్ పరీక్షలు పెడితే స్కూల్ పిల్లల శాంపిల్స్‌లో స్టెరాయిడ్లు బయటపడ్డాయి, అదీ ఒక్క ఏడాదితో ఆగలేదు. పద్దెనిమిదేళ్లు నిండని కుర్రాడికి అవి ఎవరు తెచ్చిస్తున్నారు? జిమ్‌లో ఎవరో, ఒక్కోసారి ఇంట్లోవాళ్లే. అందుకని ట్రోఫీ తీసేస్తే సరిపోతుందని నేననను. పై నుంచి కాంట్రాక్టు ఆశ వేలాడుతున్నంత కాలం కింద పిల్లాడి మీద బరువు ఉంటుంది.

ఇక్కడ స్కూల్స్‌లో డోపింగ్ పరీక్ష చేయాలంటే స్కూల్ ముందే ఒప్పందం మీద సంతకం పెట్టాలి, పేరెంట్స్ ఒప్పుకోవాలి. మీ బోర్డులో ఈ మాట కూడా ఎత్తండి. స్కాలర్‌షిప్ ఇచ్చే స్కూల్ ఈ సంతకం పెట్టడానికి వెనకాడకూడదు.

మాధవి_రోస్కిల్

కిరణ్ గారూ, డోపింగ్ మాట నాకు అసలు తట్టలేదు. నోట్ చేసుకున్నాను.

శ్రీను గారూ, మీ పక్కింటి అబ్బాయి విషయంలో నాకే అభ్యంతరమూ లేదు. నా బాధ ఎక్కడంటే, అలాంటి పిల్లాణ్ణి తొమ్మిదో ఇయర్‌లోనే (ఇక్కడ హైస్కూల్ మొదటి ఏడాది) తీసుకుని ఐదేళ్లు చదివిస్తే అది సాయం. పన్నెండో ఇయర్‌లో, అప్పటికే వేరే స్కూల్‌కి ఆడి పేరు తెచ్చుకున్నాక తీసుకుంటే అది జట్టు అవసరం. మా స్కూల్లో తొమ్మిదో ఇయర్ నుంచీ ఆడుతున్న ఒక కుర్రాడు ఉన్నాడు, హుకర్ (గీత దాటిన బంతిని లైనౌట్‌లో లోపలికి విసిరే స్థానం). ఆఖరి ఏడాది ఫస్ట్ ఫిఫ్టీన్ జెర్సీ కోసం వేసవి సెలవుల్లో కూడా లైనౌట్ త్రోలు వేసేవాడు, పార్కులో గోల్‌పోస్ట్ మీద చాక్‌పీసుతో గీత గీసి. టర్మ్ మొదలయ్యేసరికి అదే స్థానానికి బయటి నుంచి ఇంకో కుర్రాడు వచ్చాడు. ఈ పిల్లాడు రగ్బీయే మానేశాడు. వచ్చిన కుర్రాడి తప్పు ఏముంది? ఏమీ లేదు. కానీ ఆ నిర్ణయం తీసుకున్న పెద్దవాళ్లు ఇద్దరితోనూ కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు.

హాఫ్‌బ్యాక్_తేజ

ఆంటీ, నేను రెండేళ్ల కిందటే స్కూల్ అయిపోయినవాణ్ణి. ఆక్లాండ్‌లో బరువు గ్రేడ్‌లో, అంటే బరువు పరిమితి ఉన్న పోటీలో ఆడాను. పెద్దవాళ్లంతా 1ఏ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి మా గురించి చెప్తాను.

మన తెలుగు పిల్లలు చాలామంది సన్నగా ఉంటాం. పద్నాలుగేళ్లకి నాకు యాభై కిలోలు లేవు, మా క్లాసులో టోంగా ఫ్రెండ్‌కి తొంభై దాటింది. వాడు ప్రాణ స్నేహితుడు, కానీ వాణ్ణి టాకిల్ చేయమంటే (పట్టుకుని కింద పడేయమంటే) మా అమ్మ గ్రౌండ్‌కే రానని ఏడ్చింది. బరువు గ్రేడ్ ఉండబట్టి నేను ఈ ఆట ఆడాను. ఇప్పుడు క్లబ్‌లో 85 కిలోల లోపు జట్టులో ఆడుతున్నా. దానికి 2020 నుంచి నేషనల్ కప్ కూడా ఉంది.

మా గ్రేడ్‌లో అసలు ఇబ్బంది ఏంటంటే, డ్రాలో ఉన్న మ్యాచ్ శుక్రవారం రాత్రి రద్దయిపోతుంది. అవతలి స్కూల్‌కి పదిహేనుమంది పోగవలేదని మెసేజ్. ఒక్కో సీజన్‌లో ఆడినవాటి కన్నా రద్దయినవే ఎక్కువ అనిపించేది. ఫస్ట్ ఫిఫ్టీన్‌కి ఫిజియో, వీడియో అనలిస్ట్, జట్టు పేరుతో బ్యాగులు. మాకు రెండు బంతులు, అందులో ఒకటి గాలి దిగేది. బరువు చూసే రోజు మిషన్ లేక బాత్‌రూమ్ స్కేల్ తెచ్చేవారు.

స్కూల్ రగ్బీకి రూల్స్ రాసేటప్పుడు మొదటి రూల్ ఇది పెట్టమని నా విన్నపం. పై డివిజన్‌లో ఆడాలంటే ఆ స్కూల్ కనీసం ఇంకో మూడు జట్లను సీజన్ మొత్తం దింపి తీరాలి. కింది జట్లు మ్యాచ్‌లు ఎగ్గొడితే ఫస్ట్ ఫిఫ్టీన్‌కి పాయింట్లు పోవాలి. అప్పుడు చూడండి బంతులు ఎలా వస్తాయో.

రిఫరీ_హామిల్టన్

తేజా, ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో అన్నిటికన్నా మంచి సూచన నీదే బాబూ. 2018లో న్యూజీలాండ్ రగ్బీ స్కూల్ రగ్బీ మీద పెద్ద సమీక్ష చేయించింది. అందులో తేలింది కూడా ఇంచుమించు ఇదే. డబ్బు, శ్రద్ధ అంతా పైన ఉన్న కొద్ది జట్ల మీదకి పోతోంది, మిగతా పిల్లలు ఆట మానేస్తున్నారు. 2019లో స్పోర్ట్ న్యూజీలాండ్‌తో కలిసి రగ్బీ, క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ, నెట్‌బాల్ సంస్థలు ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు కూడా చేశాయి. చిన్నవయసులోనే ఏరివేతలు తగ్గించాలి, ప్రతి పిల్లాడికీ మంచి కోచింగ్ దక్కాలి అని. నార్త్ హార్బర్ యూనియన్ అయితే ఆ ఏడాదే తన జూనియర్ ప్రతినిధి జట్లను ఎత్తేసింది. పేరెంట్స్ గగ్గోలు పెట్టారు. అయినా వెనక్కి తగ్గలేదు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం చెప్పాలి. తలకు దెబ్బ.

పోయిన సీజన్‌లో ఒక స్కూల్ మ్యాచ్. సెంటర్ స్థానంలో ఆడే కుర్రాడు టాకిల్ చేసి లేచాడు. లేవడం బాగానే లేచాడు. కానీ తర్వాతి స్క్రమ్‌కి (రెండు జట్లూ గుంపుగా తోసుకునేటప్పుడు) అవతలి జట్టు వైపు వెళ్లి నిలబడ్డాడు. నవ్వుతున్నాడు కూడా. నేను ఆట ఆపి "స్కోరెంత?" అని అడిగాను. నా విజిల్ వంక చూస్తూ ఉండిపోయాడు. బ్లూ కార్డు తీశాను. ఇక్కడ రిఫరీ బ్లూ కార్డు చూపిస్తే ఆ పిల్లాడు బయటికి వెళ్లాల్సిందే, మళ్లీ లోపలికి రాకూడదు, డాక్టర్ సరేనని రాసిచ్చేదాకా ఆడకూడదు. గీత బయట ఉన్న ఒక పెద్దమనిషి నా మీదకి వచ్చాడు. "వాడు ఎప్పుడూ అంతే, వాడికేం కాలేదు, ఇంకా పన్నెండు నిమిషాలు ఉంది" అని. ఆయన ఆ పిల్లాడి తండ్రి కాదు, కోచింగ్ బృందంలో మనిషి. తండ్రి పక్కన నిలబడి ఉన్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు.

అందుకే అంటున్నాను, పోటీ నిర్వహించేవాళ్లు గాయం మీద నిర్ణయాన్ని జట్టు మనిషి చేతిలో అస్సలు పెట్టకూడదు. బ్లూ కార్డు పడిన ప్రతి పిల్లాడి పేరు ఆ సాయంత్రమే ఒకే జాబితాలోకి ఎక్కాలి. స్కూల్, క్లబ్, జిల్లా జట్టు, అన్నీ అదే జాబితా చూడాలి. శనివారం స్కూల్‌కి ఆడి దెబ్బ తిన్నవాడు బుధవారం ఇంకో జెర్సీ వేసుకుని దిగకుండా ఆపేది అదొక్కటే. ఉత్తర ఐర్లాండ్‌లో 2011లో పద్నాలుగేళ్ల కుర్రాడు ఒకే స్కూల్ మ్యాచ్‌లో తలకు దెబ్బ మీద దెబ్బ తగిలినా ఆడుతూనే ఉండి చనిపోయాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా గీత పక్కన అదే వాదన వింటున్నాను.

శ్రీను_సౌత్ఆక్లాండ్

అన్నా, ఇది చదివాక మా వాడి కోచ్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టాను, జాబితా ఎవరి దగ్గర ఉంటుందని. జవాబు వస్తే ఇక్కడ రాస్తాను.

టీవీ గురించి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. 2022లో ఆక్లాండ్‌తో సహా చాలా స్కూళ్ల ప్రిన్సిపాళ్లు ఫస్ట్ ఫిఫ్టీన్ మ్యాచ్‌ల ప్రసారాలు ఆపేశారు. పిల్లల మానసిక ఆరోగ్యం కోసం అన్నారు. పదిహేడేళ్లవాడు ఒక క్యాచ్ వదిలేస్తే ఆ క్లిప్ ఊరంతా తిరుగుతుంది, కింద కామెంట్లు. ఒప్పుకుంటాను, అది దారుణం. కానీ టోంగాలో, సమోవాలో ఉన్న తాతమ్మలు మనవడి ఆట చూసేది ఆ స్ట్రీమ్‌లోనే. పూర్తిగా ఆపేయడం తేలిక. కామెంట్లు మూసేసి, క్లిప్‌లు కోసి అమ్ముకోకుండా కట్టడి చేసి, మ్యాచ్ మాత్రం చూపించొచ్చు కదా?

హాఫ్‌బ్యాక్_తేజ

నేను ప్రసారం ఆపడానికే ఓటు వేస్తాను అంకుల్. మా స్కూల్ మ్యాచ్ టీవీలో వస్తుందంటే ఆ వారమంతా ఫస్ట్ ఫిఫ్టీన్ వాళ్లు క్లాసులో మనుషుల్లా ఉండేవారు కాదు, అంత టెన్షన్. చూపించాలంటే బరువు గ్రేడ్ ఫైనల్ చూపించండి, బాలికల మ్యాచ్ చూపించండి. అక్కడ కాంట్రాక్టులు లేవు, ఏజెంట్లు లేరు. తాతమ్మ కోసం అయితే స్కూల్ పాస్‌వర్డ్ ఉన్న లింక్ ఇంటివాళ్లకి పంపొచ్చు.

పీఈటీ_సత్యం (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా దగ్గర రగ్బీ అంటే ఎక్కువగా సెవెన్స్, జట్టుకి ఏడుగురే. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో ఉంది కాబట్టి పిల్లలు సర్టిఫికెట్ కోసం వస్తారు, తర్వాత ఆట మీద ఇష్టం పడతారు. 2025లో రగ్బీ ప్రీమియర్ లీగ్ వచ్చి అందులో హైదరాబాద్ హీరోస్ జట్టు కనిపించేసరికి, ఇదేదో ఆట అని పేరెంట్స్ కూడా అడుగుతున్నారు.

మీ సమస్య ఆటగాణ్ణి ఎత్తుకుపోవడం. మా సమస్య వయసు. అండర్-14, 17, 19 అని మూడు విభాగాలు. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటి, స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒకటి. అండర్-14లో మీసం వచ్చిన కుర్రాడు దిగుతాడు. కబడ్డీలో ఇది అన్యాయం, రగ్బీలో ఇది ప్రమాదం. క్రికెట్‌లో ఎముకల ఎక్స్‌రే తీసి వయసు అంచనా వేస్తున్నారు, కానీ మండల స్థాయి టోర్నీకి ఆ ఖర్చు ఎవరు పెడతారు? పైగా ఆటలో చేర్చుకోవడానికి పసిపిల్లలకి ఎక్స్‌రే తీయించడం నాకు మనస్కరించదు.

తేజ చెప్పింది చదివాక నాకొక దారి కనిపించింది. మా పక్క స్కూళ్లతో కలిసి చిన్న టోర్నీ పెడదామనుకుంటున్నాం. వయసు, బరువు రెండూ చూసి గ్రూపులు చేస్తే? పుట్టిన తేదీ దిద్దొచ్చు, తూకం దిద్దలేరు కదా. రిఫరీ గారూ, మీ సలహా కావాలి.

భువనేశ్వర్ కిస్ (కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) స్కూల్ సంగతి కూడా చెప్పాలి. గిరిజన పిల్లల స్కూల్ అది. రగ్బీ మొదలుపెట్టిన కొద్ది కాలానికే, 2007లో, వాళ్ల అండర్-14 పిల్లలు లండన్‌లో అంతర్జాతీయ స్కూల్ టోర్నీ గెలిచారు. అక్కడి ఆడపిల్లలు తర్వాత దేశం తరఫున ఆడారు. ఒకే క్యాంపస్‌లో తిండి, చదువు, ఆట ఉంటే ఏమవుతుందో అది. శ్రీను గారు చెప్పిన సమోవా అబ్బాయి కథ నాకు కొత్తగా అనిపించలేదు.

రిఫరీ_హామిల్టన్

సత్యం మాస్టారూ, రెండూ చూడండి. కానీ తూకం కూడా దిద్దుతారు, తిండి మాన్పించి! తూకానికి ముందు రెండు రోజులు నీళ్లు తాగనివ్వని కోచ్‌లు ఉంటారు. అందుకని సీజన్ మొదట్లో ఒకసారి తూచి, పిల్లలు పెరుగుతారు కాబట్టి ఒకట్రెండు కిలోలు వెసులుబాటు ఇచ్చి, మళ్లీ ప్రతి మ్యాచ్‌కీ తూచకండి. తూచేటప్పుడు అందరి ముందు అంకె చదవకండి.

కొత్తగా మొదలుపెట్టే స్కూళ్లైతే మొదటి ఏడాది టచ్ రగ్బీయే (పడేయకుండా చేత్తో తాకితే చాలు) ఆడించండి. టాకిల్ నేర్పిన కోచ్ ఉన్న జట్లకే రెండో ఏడాది కాంటాక్ట్. టాకిల్ ఎత్తు కూడా ముందే చెప్పేయండి. ఇక్కడ కమ్యూనిటీ రగ్బీలో 2023 నుంచి మొదట టాకిల్ చేసేవాణ్ణి ఛాతీ ఎముక కింద వరకే అనుమతిస్తున్నారు. గ్రౌండ్ దగ్గర అంబులెన్స్ పెట్టలేకపోతే, దగ్గరి హాస్పిటల్‌కి తీసుకెళ్లే బండి, డ్రైవర్ పేరు రాసిపెట్టకుండా మ్యాచ్ మొదలుపెట్టకండి.

కిరణ్_జోబర్గ్

మాస్టారూ, ఇంకోటి. ట్రోఫీ ఒక్కటే పెట్టకండి. మొదటి రోజు ఓడిన చిన్న స్కూల్ ఆ మధ్యాహ్నమే బస్సెక్కి వెళ్లిపోతే మళ్లీ రాదు. క్రేవెన్ వీక్‌లో నాకు నచ్చేది అదే, మొదటి మ్యాచ్ ఓడినవాళ్లు కూడా వారమంతా ఆడతారు.

మాధవి_రోస్కిల్

మీరందరూ చెప్పినవి పెట్టుకుని బోర్డుకి ఒక ఉత్తరం రాశాను. సారాంశం ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

స్కాలర్‌షిప్పులు ఇవ్వండి, కానీ తొమ్మిది, పది ఇయర్లలో చేరేవాళ్లకే, స్కూల్ పూర్తయ్యేదాకా. గాయపడినా, జట్టులో చోటు పోయినా స్కాలర్‌షిప్ ఆగకూడదు. పై తరగతుల్లో చేరే ఆటగాడి ఫైల్‌ని ముందే మనతో సంబంధం లేని వ్యక్తులు చూడాలి. మన ప్రాంత క్రీడా సంస్థ అలాంటి ప్యానెల్ పెట్టేలా మిగతా బోర్డులతో కలిసి అడుగుదాం. ఫస్ట్ ఫిఫ్టీన్ మీద పెట్టే ప్రతి డాలరూ స్కూల్ వార్షిక నివేదికలో కనపడాలి, పక్కనే మిగతా జట్ల ఖర్చు కూడా. తలకు దెబ్బ జాబితా క్లబ్బులతో పంచుకోవాలి. డోపింగ్ పరీక్షకు సంతకం. కింది జట్లు మ్యాచ్ రద్దు చేస్తే కారణం బోర్డుకి రావాలి.

ప్రిన్సిపాల్‌కి ముందుగా చూపించాను. చదివి, "ట్రస్టు వాళ్లకి నచ్చదు" అన్నారు.

శ్రీను_సౌత్ఆక్లాండ్

గాయపడినా స్కాలర్‌షిప్ ఆగకూడదు అన్న మాట పెట్టినందుకు మీకు దండం పెట్టాలి మేడమ్. ఒక్కటి మార్చండి. "తొమ్మిది, పది ఇయర్లలో చేరేవాళ్లకే" అంటే పదకొండులో ఊరు మారిన కుటుంబాల పిల్లలు నష్టపోతారు. ఇల్లు మారిన రుజువు చూపిస్తే మినహాయింపు అని రాయండి. మా దగ్గర అద్దె పెరిగితే ఇల్లు మారడం మామూలే.

జాబితా గురించి మా వాడి కోచ్ జవాబిచ్చాడు. స్కూల్ దగ్గర ఒకటి ఉందట, క్లబ్ దగ్గర ఇంకోటి. రెండూ కలపరట.

రిఫరీ_హామిల్టన్

మాధవి గారూ, ట్రస్టు విషయంలో తగ్గకండి. డబ్బు స్కూల్ ఖాతా గుండా వస్తేనే మీ "ప్రతి డాలరూ" వాక్యానికి బలం ఉంటుంది. ట్రస్టు నేరుగా కోచ్‌కి జీతం, కుటుంబానికి అద్దె ఇస్తే మీ నివేదికలో సున్నా కనిపిస్తుంది. "స్కూల్ పేరుతో ఆడే ఏ జట్టుకైనా, ఎవరిచ్చినా" అని ఆ వాక్యానికి ముందు చేర్చండి. మీటింగ్ మినిట్స్‌లో మీ ప్రతిపాదన పూర్తి పాఠం ఎక్కించమని అడగండి. ఓడిపోయినా వచ్చే బోర్డు అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు.

శ్రీను, ఆ రెండు జాబితాల సంగతి మీ కోచ్ పేరు లేకుండా నాకు మెసేజ్ చెయ్యి. మా రిఫరీల సంఘం తరఫున యూనియన్‌కి రాస్తాను.

మాధవి_రోస్కిల్

రెండు మార్పులూ చేశాను. మినిట్స్ మాట కూడా అడుగుతాను. మూడో జట్టుకి కోచింగ్ చేస్తున్న ఆ తండ్రి కూడా మీటింగ్‌కి వస్తానన్నాడు. తేజా, నీకు వీలైతే నువ్వూ రా, బరువు గ్రేడ్ గురించి అయిదు నిమిషాలు మాట్లాడటానికి టైమ్ అడిగి ఉంచాను.